వారం ముందే చెప్పిన వాన: మేప్పాడికి అందిన సూచన, అందని కొలత

జులైలో ఫోన్‌ తెరిచి 'మేప్పాడి' అని కొడితే రాబోయే ఏడు రోజులకూ దాదాపు ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఒక మబ్బు, దాని కింద నాలుగు చినుకులు. ఆ బొమ్మ తప్పవడం అరుదు. కేరళలోని వయనాడ్ జిల్లాలో, పడమటి కనుమల అంచున, తేయాకు తోటల మధ్య ఉన్న చిన్న పట్టణం మేప్పాడి. నైరుతి రుతుపవనాల కాలంలో అక్కడ వాన పడుతుందని చెప్పడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. ఎంత పడుతుంది, ఏ కొండ మీద పడుతుంది, ఏ రాత్రి పడుతుంది అన్నవే అక్కడివాళ్లకు కావాల్సిన జవాబులు.

2024 జులై 30, మంగళవారం తెల్లవారకముందే మేప్పాడి పంచాయతీలోని పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల మీదకు కొండ జారి వచ్చింది. 200 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోయారు. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు దేశంలో నడిచిన చర్చ అంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది. వాతావరణ హెచ్చరిక ముందే వచ్చిందా, రాలేదా?

వచ్చింది అన్నవాళ్లదీ నిజమే, రాలేదు అన్నవాళ్లదీ నిజమే. ఒక చిన్న పట్టణానికి వారం ముందు చెప్పే వాతావరణ సూచన అసలు దేని గురించి మాట్లాడుతుందో తెలిస్తే ఈ రెండూ ఎలా కుదిరాయో అర్థమవుతుంది.

ఆ రెండు వారాల్లో ఎవరు ఏం చెప్పారు

భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాలకు ఒక విస్తృత అంచనా ఇస్తుంది. జులై 18 గురువారం ఇచ్చిన అంచనాలో, నెలాఖరు వారంలో పశ్చిమ తీరంలో వర్షాలు బాగా ఉంటాయని ఉంది. అంటే కొండ జారడానికి 12 రోజుల ముందే దిశ తెలిసింది. 23వ తేదీ నుంచి కేరళకు వరుసగా హెచ్చరికలు పంపామని, 26న పంపినదాంట్లో 20 సెంటీమీటర్లకు మించిన వాన, కొండచరియలు విరిగే అవకాశం గురించి కూడా ఉందని కేంద్ర హోంమంత్రి అమిత్ షా రాజ్యసభలో చెప్పారు.

దీనికి కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ లెక్కలతో బదులిచ్చారు. 29వ తేదీ మధ్యాహ్నం వయనాడ్‌కు ఉన్నది ఆరెంజ్ అలర్టే. దాని అర్థం 24 గంటల్లో 115 నుంచి 204 మిల్లీమీటర్ల వాన. ప్రమాదం జరిగిన ప్రాంతంలో తొలి 24 గంటల్లో 200, తర్వాతి 24 గంటల్లో 372, మొత్తం 48 గంటల్లో 572 మిల్లీమీటర్లు కురిసిందని ఆయన చెప్పారు. రెడ్ అలర్ట్ 30న ఉదయం 6 గంటలకు వచ్చింది. అప్పటికే ఊళ్లు లేవు. కొండచరియల గురించి భారత భూగర్భ సర్వే సంస్థ ఇచ్చిన సూచనలో 30, 31 తేదీలకు వయనాడ్ రంగు ఆకుపచ్చ, అంటే చిన్నపాటి జారుళ్లు మాత్రమే ఉండవచ్చని.

572 మిల్లీమీటర్లంటే ఎంతో ఊహకు అందాలంటే, ఒక ఎకరం మీద దాదాపు 23 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 460 తెచ్చి రెండు రోజుల్లో ఒక ఎకరం మీద కుమ్మరించినట్టు. ఆ కొండవాలు మొత్తం ఎన్ని ఎకరాలో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

కేంద్రం మాట్లాడింది పశ్చిమ తీరం గురించి, రాష్ట్రం గురించి. ముఖ్యమంత్రి మాట్లాడింది ఒక పంచాయతీలో కొన్ని వార్డుల గురించి. వారం ముందు చెప్పే సూచన మొదటిదానికి పనికొచ్చినట్టు రెండోదానికి పనికిరాదు. సభలో ఇరుపక్షాలూ తమ కాగితాలు చూపించాయి గానీ, జిల్లాకు వేసిన ఒక రంగు నుంచి 'ఈ వాలు మీది ఇళ్లు ఈ రాత్రికి ఖాళీ చేయండి' అనే మాట దాకా దారి ఎవరు వేయాలో తేలలేదు.

గడిలో ఒక చుక్క

వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాకు ఊళ్లు తెలియవు. అది భూమిని గడులుగా విడగొడుతుంది. ప్రతి గడికీ ఒక ఉష్ణోగ్రత, ఒక గాలి వేగం, ఒక వాన అంకె. 2024లో మన దేశం ప్రధానంగా వాడిన ప్రపంచస్థాయి నమూనాలో గడి సుమారు 12 కిలోమీటర్లు. వయనాడ్ జిల్లా విస్తీర్ణం 2,132 చదరపు కిలోమీటర్లు కాబట్టి జిల్లా మొత్తానికి వచ్చినవి ఓ 15 గడులు. 2025 మేలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' వాడకంలోకి వచ్చింది. దాని గడి 6 కిలోమీటర్లు. ఇప్పుడు అదే జిల్లాకు దాదాపు 60 గడులు. ఇది పెద్ద మెరుగుదలే. అయినా ఒక్క గడిలో 36 చదరపు కిలోమీటర్లు ఉంటాయి. అందులో ఒక శిఖరం, రెండు లోయలు, మూడు ఎస్టేట్లు, ఒక బజారు ఇమిడిపోవచ్చు. వాటన్నిటికీ కలిపి ఒకటే అంకె.

మైదానంలో అయితే ఈ సగటుతో కొంతవరకు నెట్టుకురావచ్చు. కొండల్లో కుదరదు. అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి కనుమలకు తగిలి పైకి ఎగబాకుతుంది, చల్లబడుతుంది, అక్కడే కురిసేస్తుంది. అవతలి వైపుకు దిగే గాలిలో మిగిలేది తక్కువ. అందుకే వయనాడ్‌లోనే ఘాట్ అంచున ఉన్న లక్కిడి రాష్ట్రంలో అత్యధిక వాన పడే చోట్లలో ఒకటైతే, కర్ణాటక సరిహద్దు వైపున్న పుల్పల్లి కరువును కూడా చూసిన ప్రాంతం. జిల్లా ఒకటే, అలర్ట్ రంగు ఒకటే, వాన మాత్రం రెండు లోకాలు.

ఫోన్‌లోని యాప్‌ల సంగతి వేరే చెప్పాలి. వాటిలో చాలావరకు అమెరికా, ఐరోపా సంస్థల ప్రపంచ నమూనాల నుంచి అంకెలు తీసుకుని, చుట్టుపక్కల గడుల మధ్య లెక్కకట్టి, ఊరి పేరు తగిలించి చూపిస్తాయి. మధ్యలో మనిషి ఉండడు. ఊరి పేరు కనిపించేసరికి ఆ ఊళ్లో ఎవరో కొలిచి చెబుతున్నట్టు అనిపిస్తుంది. 'వాన 60 శాతం' అంటే రోజులో 60 శాతం సేపు పడుతుందనీ కాదు, ఊళ్లో 60 శాతం తడుస్తుందనీ కాదు. ఇలాంటి పరిస్థితి 100 సార్లు వస్తే అందులో 60 సార్లు ఎంతో కొంత వాన పడుతుందని. ఎంత అనేది ఆ అంకెలో లేనే లేదు. జులైలో మేప్పాడికి 90 శాతం అని ఉంటే, అది తుంపరకూ వర్తిస్తుంది, కుంభవృష్టికీ వర్తిస్తుంది.

ఏడు రోజుల్లో ఎన్ని రోజులు నమ్మవచ్చు

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన కంప్యూటర్‌కు 0.506127 అనే అంకెకు బదులు 0.506 ఇచ్చాడు. తేడా అత్యల్పం. మొదట్లో రెండు ఫలితాలూ ఒకేలా నడిచాయి, కాసేపటికి ఒకదానితో ఒకటి సంబంధం లేనంతగా విడిపోయాయి. ఈ రోజు గాలిని కొలవడంలో ఉండే చిన్న లోపం రోజులు గడిచేకొద్దీ పెరిగి పెద్దదవుతుందని అప్పుడు తేలింది. అందుకే ఇప్పుడు వాతావరణ కేంద్రాలు ఒకే లెక్క వేసి ఊరుకోవు. ఆరంభ అంకెల్ని కొద్దికొద్దిగా మార్చి అనేకసార్లు నడుపుతాయి. ఐరోపా కేంద్రం ఇలా 50 సార్లు నడుపుతుంది. 50లో 45 ఫలితాలు ఒకే వైపు చూపితే ధీమాగా చెప్పవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే ఆ రోజు గురించి ఎవరు గట్టిగా చెప్పినా అనుమానించాల్సిందే.

గత కొన్ని దశాబ్దాలుగా సూచనల నాణ్యత దశాబ్దానికి దాదాపు ఒక రోజు చొప్పున మెరుగుపడింది. అంటే పదేళ్ల కిందట మూడో రోజు సూచన ఎంత నమ్మకంగా ఉండేదో ఇప్పుడు నాలుగో రోజుది అంత. అయితే ఇది ప్రధానంగా పెద్ద వ్యవస్థల విషయం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఎటు కదులుతుంది, తుపాను ఏ తీరం దాటుతుంది, వడగాలులు ఎన్నాళ్లుంటాయి, ఇవి నాలుగైదు రోజుల ముందే బాగా తెలుస్తున్నాయి. ఉష్ణోగ్రత కూడా అంతే. పక్క పక్క ఊళ్లలో ఎండ దాదాపు ఒకేలా కాస్తుంది కాబట్టి గడి సగటు పెద్దగా మోసం చేయదు. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా వడగాలుల జాబితా ఇవ్వగలుగుతున్నది అందుకే. వాన అలా కాదు. ఒక ఉరుముల మబ్బు పుట్టి, కురిసి, చచ్చిపోవడానికి గంటా రెండు గంటలు చాలు. అది ఏ ఊరి మీద పుడుతుందో ముందు రోజు కూడా చెప్పలేరు.

మేప్పాడి లాంటి చోట ఏడు రోజుల సూచనను మూడు ముక్కలుగా చూడడం మేలు. ఐదు నుంచి ఏడో రోజు వరకు అది గాలివాటం మాత్రమే చెబుతుంది: తడి వారమా, పొడి వారమా. మూడు, నాలుగు రోజులకు జిల్లా స్థాయిలో భారీ వర్షం ఉంటుందా లేదా తెలుస్తుంది. చివరి 24 గంటల్లోనే ప్రాంతం, సమయం కాస్త స్పష్టమవుతాయి. ఇక మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ సూచనకు ఆధారం రాడార్. 2024లో కేరళ రాడార్లు కొచ్చిలో, తిరువనంతపురంలో ఉన్నాయి. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి ఎత్తుకు వెళ్తుంది, మధ్యలో కొండలు అడ్డొస్తాయి. ఉత్తర కేరళ కొండల మీద తక్కువ ఎత్తులో కురిసే మబ్బు దానికి సరిగా కనపడదు. ఆ లోటు అందరికీ తెలిసిందే. పుల్పల్లిలో రాడార్ పెట్టే ఏర్పాట్లు మొదలైంది మాత్రం ప్రమాదం తర్వాతే.

'ఒకటి లేక రెండు చోట్ల' అంటే

వాతావరణ శాఖ బులెటిన్లలోని మాటలు చప్పగా, ప్రతిరోజూ ఒకేలా అనిపిస్తాయి గానీ ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే 'భారీ'. 115.6 నుంచి 204.4 వరకు 'అతి భారీ'. అది దాటితే 'అత్యంత భారీ'. తెలుగు పత్రికలు ఈ చివరి రెండింటినీ తరచూ కలిపేస్తుంటాయి. పాఠకుడికి అది పెద్ద నష్టం. 'ఒకటి లేక రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు. మిగిలిన ముప్పావు వంతు కేంద్రాల్లో ఆ వాన పడకపోయినా సూచన నిజమైనట్టే లెక్క. 'మా ఊళ్లో చుక్క పడలేదు, వాతావరణ శాఖ మళ్లీ తప్పింది' అనే విసుగుకు చాలాసార్లు మూలం ఇదే.

రంగుల విషయంలో అపార్థం ఇంకా ప్రమాదకరం. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని. వయనాడ్ తర్వాత వాతావరణ శాఖ అధిపతి మృత్యుంజయ్ మహాపాత్ర ఇదే చెప్పారు, కొండ ప్రాంతాల్లో ఆరెంజ్ వచ్చినప్పుడే పని మొదలుపెట్టాలి, ఎరుపు కోసం ఆగకూడదని. కాగితం మీద ఇది సరైన మాటే. కానీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వయనాడ్‌కు ఆరెంజ్ అలర్ట్ ఎన్నోసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎస్టేట్ వరుస ఇళ్లలోని కూలీ కుటుంబాలు సామాన్లు సర్దుకుని శిబిరానికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, పశువులను ఎవరో ఒకరు చూడాలి. నాలుగుసార్లు పోయి, ఏమీ జరగక తిరిగొచ్చినవాళ్లు ఐదోసారి కదలరు. వాళ్లది మూర్ఖత్వం అనడం తేలిక. జిల్లా మొత్తానికి వేసిన రంగుకు తన ఇంటి వెనక వాలుకు ఉన్న సంబంధం ఎవరూ చెప్పనప్పుడు మనిషి అనుభవాన్నే నమ్ముతాడు.

ఇంకో చిక్కు రోజు లెక్కలో ఉంది. మన దేశంలో వాన రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుంది. సోమవారం రాత్రంతా కురిసిన వాన మంగళవారం ఖాతాలో పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ప్రతి ఉదయం వర్షమాపకంలో నీళ్లు పారబోసి మళ్లీ సున్నా నుంచి కొలుస్తారు. కొండ అలా సున్నా నుంచి మొదలుపెట్టదు. నిన్నటి 200 మిల్లీమీటర్లు మట్టిలోనే ఉంటాయి, వాటి మీద ఈ రోజు వాన చేరుతుంది. వరుసగా రెండు ఆరెంజ్ రోజులు వస్తే 400 మిల్లీమీటర్లు దాటవచ్చు. రంగు మాత్రం రెండు రోజులూ ఆరెంజే. పొలం విషయంలో ఈ సంగతి తెలుగు రైతుకు కొత్త కాదు. నేల పదునును బట్టి పని చేస్తాడు గానీ ఆకాశాన్ని మాత్రమే చూసి కాదు. కొండకూ పదును ఉంటుంది. దాన్ని చూసేవాళ్లు కావాలి.

చేత్తో కొలిచిన వాన

వయనాడ్‌లో అలా చూసినవాళ్లు ఉన్నారు కూడా. కల్పెట్టలోని హ్యూమ్ పర్యావరణ, వన్యప్రాణి అధ్యయన కేంద్రం కొన్నేళ్లుగా జిల్లా అంతటా దాదాపు 200 చోట్ల వర్షమాపకాలు పెట్టి, స్థానికుల చేత రోజూ కొలిపిస్తోంది. ముండక్కైకి దగ్గర్లో ఉన్నది పుత్తుమల కేంద్రం. 2019 ఆగస్టు 8న కొండ జారి 17 మందిని పొట్టన పెట్టుకున్న ఊరు అదే. అక్కడ జులై 28న 200 మిల్లీమీటర్లు, ఆ రాత్రి మరో 130 నమోదైంది. వాన ఇలాగే కొనసాగితే ముండక్కైకి ప్రమాదమని 29 ఉదయమే, అంటే కొండ జారడానికి సుమారు 16 గంటల ముందు, జిల్లా యంత్రాంగానికి తెలియజేశామని ఆ కేంద్రం చెప్పింది.

ఆ హెచ్చరిక సూపర్ కంప్యూటర్ నుంచి వచ్చింది కాదు. గాజు గొట్టంలో నీటిమట్టం చూసి పుస్తకంలో రాసుకున్న అంకెల నుంచి వచ్చింది. అయితే దానికి వెనక ఆధారం లేకపోలేదు. జులై 18 నాటి విస్తృత అంచనా వారమంతా తడిగా ఉంటుందని చెప్పింది, 29 నాటి ఆరెంజ్ అలర్ట్ ఇంకా పడుతుందని చెప్పింది. ఈ వాలు ఇప్పటికే నిండిపోయిందని పుత్తుమల గొట్టం చెప్పింది. మూడూ ఒకే బల్ల మీదకు చేరి ఉంటే నిర్ణయం తీసుకోవడం కష్టమయ్యేది కాదు. మూడూ వేర్వేరు కార్యాలయాల్లో ఉండిపోయాయి.

తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు విడుదల చేసింది. సముద్రమట్టానికి 1,550 మీటర్ల ఎత్తున దాదాపు 86,000 చదరపు మీటర్ల నేల ఊడి, ఆ బురద, బండరాళ్లు సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించాయి. ఊళ్ల మీద పడిన వాన ఊళ్లను ముంచలేదు. పైన ఎక్కడో పడినది కిందికి వచ్చింది. కాబట్టి మేప్పాడి బజారుకు ఎంత కచ్చితమైన సూచన ఇచ్చినా అది సరైన చోటు గురించి కాదు.

ఇదే పాఠం దాదాపు నెల రోజులకు తెలుగువాళ్ల ఇంటికి వచ్చింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో విజయవాడ సింగ్‌నగర్‌ను నిండా ముంచినది అక్కడ పడిన వాన ఒక్కటే కాదు. బుడమేరు ఎగువన కురిసిన వాన, గండ్లు పడిన కాలువ కలిసి తెచ్చిన నీళ్లు. విజయవాడ పేరు కొట్టి ఫోన్ చూసుకున్నవారికి మైలవరం వైపు ఎంత పడిందో ఎలా తెలుస్తుంది?

2024 అక్టోబర్‌లో కేంద్రం గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలు మొదలుపెట్టింది. 'మేరీ పంచాయత్' యాప్‌లో ఏ పంచాయతీకైనా ఐదు రోజుల సూచన, గంట గంటకూ దొరుకుతుంది. విత్తనం ఎప్పుడు వేయాలి, మందు ఎప్పుడు కొట్టాలి అనుకునే రైతుకు ఇది అక్కరకొచ్చేదే. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ సలహాలతో కలిపి చూస్తే మరీ మంచిది. అయితే పంచాయతీ పేరు చూపించినంత మాత్రాన ప్రతి పంచాయతీలో వాన కొలుస్తున్నారని కాదు. ఆ అంకెలు వచ్చేది మళ్లీ ఆ గడుల నుంచే. ఈ విషయంలో తెలంగాణ ముందుంది. మండలాల్లో 1,000కి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఎక్కడ ఎంత కురిసిందో కొద్ది సేపట్లోనే బయటికి తెలుస్తుంది. పడబోయే వానకు అది జవాబు కాదు గానీ, పడిన వాన ఎంతో తెలియకుండా పడబోయేదాని అర్థం తెలియదు.

చిన్న ఊళ్లో ఉండేవారు రాబోయే వారం గురించి చూసుకోవాల్సినవి నిజానికి కొద్దే. గురువారం వచ్చే విస్తృత అంచనాలో వారం తడా పొడా. జిల్లా సూచనలో 'భారీ'నా, 'అతి భారీ'నా, ఎన్ని చోట్ల. ఆ రంగు వరుసగా ఎన్ని రోజులు. ఊరికి ఎగువన, కొండైతే కొండ మీద, వాగైతే వాగు పుట్టే చోట గత రెండు రోజుల్లో ఎంత పడింది. ఈ చివరిది ఏ యాప్‌లోనూ దొరకకపోతే, నిటారు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట, చెట్టుకూ చూరుకూ దూరంగా పెట్టి, ఉదయం 8.30కి స్కేలుతో నీటి లోతు కొలవవచ్చు. డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. కొలిచాక పారబోయాలి, పుస్తకంలోని అంకెను మాత్రం నిన్నటి అంకెకు కలుపుతూ పోవాలి.